తమ్ముడుగారు రైలు ఆపిన సాయంత్రం

మధ్యాహ్నం వీధంతా కరెంటు పోయింది. నా కుట్టుమిషను సగం చెయ్యి కుట్టి ఆగిపోయింది. నేను దర్జీని. ఆ చెయ్యి ఒక పెద్దావిడ కోటుది. పొడుగైంది కుదించమని ఇచ్చి, "అయ్యేదాకా ఇక్కడే ఉంటాను, మళ్ళీ తిరగలేను" అని కూర్చుంది. చీకటి కొట్లో ఆవిణ్ణి కూర్చోబెట్టడం ఏం మర్యాద అని వెంటబెట్టుకుని పక్కనే ఉన్న టీ కొట్టుకి వచ్చాను. కొట్టాయన్ని అందరం బాబాయ్ అంటాం. ఎదురింటి లెక్కల మాస్టారు అప్పటికే పేపరుతో విసురుకుంటూ బెంచీ మీద ఉన్నారు. పొయ్యికి కరెంటుతో పని లేదు కనక టీ మాత్రం మరుగుతోంది.

అప్పుడొచ్చాడు తమ్ముడుగారు.

ఈయన గురించి రెండు ముక్కలు చెప్పాలి. మా వీధి చివర నీలం గేటు ఇంట్లో నలుగురు తోబుట్టువులు కలిసి సినిమాలు తీస్తారు. పెద్ద హాళ్ళలో ఆడే రకం కాదు, పోస్టర్లు గోడలకెక్కే రకమూ కాదు, కానీ ఎవరి కిందా చెయ్యకుండా సొంతంగా తీస్తారు. అక్క డైరెక్టరు. అన్న కెమెరా. చెల్లెలు మాటలూ చప్పుళ్ళూ రికార్డు చేస్తుంది, అంతా అయ్యాక ముక్కలు కత్తిరించి అతికిస్తుంది. ముందు గది ఆఫీసు, వంటింటి పక్కగది ఎడిటింగు, మెట్ల కింద బీరువాలో వేషాల బట్టలు. మిగిలినవాడు ఈయన. నువ్వేం చేస్తావయ్యా అంటే "మిగతాదంతా" అంటాడు. పొద్దుణ్ణించి ఆ ఇంట్లోంచి "తమ్ముడూ, తమ్ముడూ" అనే కేక వినబడుతూనే ఉంటుంది. తనకంటే చిన్నదైన ఆ చెల్లెలు కూడా పనిలో పడితే మర్చిపోయి తమ్ముడూ అనేస్తుంది. అలా వీధి మొత్తానికీ తమ్ముడుగారైపోయాడు.

"ఇదేం కరెంటు పోవడం," అన్నాడు బెంచీ చివర సర్దుకుంటూ. "పోవడమంటే మా సినిమా ఆఖరి రోజున పోయింది చూడండి, అదీ పోవడం. బాబాయ్, టీ కాస్త చిక్కగా పెట్టు. చెప్తాను."

"ఎంత చిక్కగా పెట్టినా ఒక టీలోనే ముగించాలి," అన్నాడు బాబాయ్. "పోయినసారి నీ కథకి నా పాలు విరిగిపోయాయి."

"ఇది చిన్నదే. నేను చేసింది కూడా చాలా చిన్న పని. అసలు చెప్పుకోవాల్సింది కూడా కాదు."

మాస్టారు నా వైపు చూశారు. చిన్న పని అని మొదలెట్టాడంటే ఎక్కడ తేలుతుందో మా ఇద్దరికీ తెలుసు. పెద్దావిడకి తెలియదు పాపం, చేతిలో గ్లాసు పట్టుకుని శ్రద్ధగా ఆయన వైపు తిరిగింది. కొత్త చెవులు దొరికాయి కదా, తమ్ముడుగారు కూడా ఆవిడ వైపే తిరిగి చెప్పడం మొదలుపెట్టాడు.

"సినిమా అంతా అయిపోయిందమ్మా, ఒక్క షాట్ మిగిలింది. దానికోసం పక్క ఊళ్ళో ఒక పాత ఇల్లు చూశాం, ముందు పెద్ద వరండా, దానికి ఎత్తు మెట్లు. కథలో తండ్రి పోయాడు. వరండాలో మంచం మీద పడుకోబెట్టారు. పిల్లలు చుట్టూ ఉంటారు కానీ వాళ్ళలో వాళ్ళకి మాటల్లేవు. సాయంత్రం ఎండ ఆ పోయినాయన మొహం మీద పడి, అలా అలా నెమ్మదిగా పక్కకి తప్పుకోవాలి. అంతే షాట్. మాట లేదు, పాట లేదు. కానీ ఆ ఒక్కటీ కుదరకపోతే సినిమాకి ముగింపు లేనట్టే. సరే, లోపలి గదికి ఒకటి రెండు లైట్లు కావాలి కదా, ఊళ్ళో కరెంటు లేదు. జనరేటరు తెచ్చాం. అది రెండుసార్లు దగ్గి ఊరుకుంది. మెకానిక్కు వచ్చి చూసి, దీనికి ఆయుష్షు తీరిపోయింది, మీ మంచం మీద దీన్ని కూడా పడుకోబెట్టుకోండి అన్నాడు. నేను మూత తీశాను. చూశాను. చెల్లి తల్లోంచి ఒక పిన్ను లాగి, ఎక్కడ పెట్టాలో అక్కడ పెట్టాను. బుర్రుమంది. అంతే నేను చేసింది."

"పిన్నుతో బాగవ్వచ్చు," అన్నారు మాస్టారు, న్యాయంగా. "తీగ ఎక్కడో ఊడి ఉంటుంది."

ఆయన ఒప్పుకోవడం తమ్ముడుగారికి నచ్చలేదు.

"బాగవ్వడం కాదు మాస్టారూ. దాంట్లో అప్పటికి డీజిలే లేదు. ఆ సంగతి తర్వాత తెలిసింది. ఇంకో విషయం, ఆ జనరేటరు ఇప్పటికీ ఆగలేదు. ఎలా ఆపాలో ఎవరికీ తెలియక ఆ ఊరి బడికి ఇచ్చేశారు. బడికి సెలవులిచ్చినా దానికి సెలవు లేదు."

"ఇక మొదలైంది," అన్నాడు బాబాయ్ టీ వడకడుతూ.

"మొదలవ్వలేదు బాబాయ్, అసలు కష్టం ఇప్పుడు వస్తుంది. అక్కా అన్నయ్యా." తమ్ముడుగారు గొంతు తగ్గించాడు. "అప్పటికి చాలా రోజులుగా ఇద్దరికీ మాటల్లేవు. ఈ షాట్ గురించే. అన్నయ్య ఏమన్నాడంటే, ఎండని నమ్ముకుని ఆఖరి షాట్ పెట్టుకోకూడదు, గదిలో పెట్టు, లైట్లతో నేను ఎండ తెప్పిస్తా అన్నాడు. అక్క ఏమందంటే, నీ లైటు లైటులాగే ఉంటుంది, ఎండలా ఉండదు అంది. అంతే. ఆ మాట అన్నయ్యకి ఎక్కడో తగిలింది. ఇన్నేళ్ళ నుంచి నా వెలుగుతోనే కదా నీ సినిమాలన్నీ కనబడుతున్నాయి అన్నాడు. అక్క మొహం తిప్పుకుంది. అక్కణ్ణించి ఇద్దరూ ఒకే గదిలో ఉంటారు, మధ్యలో నన్ను నిలబెడతారు. 'తమ్ముడూ, కెమెరా కాస్త కిందకి దించమని మీ అన్నయ్యకి చెప్పు.' అన్నయ్య పక్కనే ఉంటాడు. చెవులున్నాయి. విన్నాడు. అయినా నేను చెప్పేదాకా దించడు. చెప్పాను. 'తమ్ముడూ, దించితే మంచం కోడు అడ్డమొస్తుందని మీ అక్కకి చెప్పు.' ఇలా. భోజనాల దగ్గర నీళ్ళ చెంబు అందుకోవాలన్నా నా మీదుగానే. నాకు ఒక్క ముద్ద లోపలికి వెళ్ళేది కాదు."

పెద్దావిడ నొచ్చుకుంది. "తోడబుట్టినవాళ్ళు అలా ఉంటే ఇంట్లో మిగతావాళ్ళకి ఎంత కష్టం నాయనా," అంది.

"కష్టమా అమ్మా. ఆ పొద్దున అన్నయ్య తన కెమెరా పెట్టెలన్నీ కారులో సర్దేసుకున్నాడు. ఈ షాట్ అయ్యాక నేను ఇంటికి రావట్లేదు, వేరే కంపెనీ వాళ్ళు పిలుస్తున్నారు, వెళ్ళిపోతున్నాను అని నాతో అన్నాడు. మీ అక్కకి చెప్పు అని కూడా అన్నాడు. ఆ ఒక్క కబురు మాత్రం నేను మొయ్యలేదు."

ఈ మాట మాత్రం మామూలు గొంతుతో అన్నాడు. నేను గమనించాను. మళ్ళీ వెంటనే టీ ఒక గుక్క తాగి, ఛాతీ నిండా గాలి పీల్చుకున్నాడు.

"సరే, ఇక కుక్కల సంగతి వినండి. చెల్లి హెడ్‌ఫోన్లు చెవులకి పెట్టుకుని కూర్చుంది, నన్ను పిలిచి, అన్నయ్యా, కుక్కలు మొరుగుతున్నాయి, ఇలాగైతే నేను రికార్డు చెయ్యలేను అంది. ఇంకొకళ్ళయితే రాళ్ళు విసిరేవాళ్ళు. నేను వెళ్ళాను. వాటిల్లో పెద్ద ఎవరో చూశాను, చెవి చిరిగిన నల్లది. దాని పక్కన కూర్చుని కథ చెప్పాను. మొత్తం కాదు, ఆఖరి సీను వరకే. తండ్రి పోయాడమ్మా, పిల్లలకి మాటల్లేవు, ఇప్పుడు నిశ్శబ్దం కావాలి అన్నాను. అది తల వంచుకుంది. లేచి వెళ్ళింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఊరి కుక్కలన్నీ వరండా ఎదురుగా వరసగా వచ్చి కూర్చున్నాయి, పొట్టివి ముందు, పొడుగువి వెనక. మధ్యలో ఒక పిల్లి అడ్డంగా నడిచిపోయింది. ఒక్కటంటే ఒక్కటి కిక్కురుమనలేదు."

"పిల్లి ఎందుకొచ్చింది మధ్యలో?" అన్నాన్నేను.

"పరీక్షించడానికి నేనే పంపాను."

పెద్దావిడ గ్లాసు పక్కన పెట్టి, కళ్ళు చికిలించి ఆయన్ని చూసింది. "ఆ ఇంటి ముందు దానిమ్మ చెట్టు ఉండేదా నాయనా? మెట్ల పక్కన?"

"ఉందమ్మా. భలే కనిపెట్టారే. ఆ పొద్దున నేనే నాటాను. అక్క ఏమందంటే ఫ్రేములో ఆ మూల బోసిగా ఉంది తమ్ముడూ అంది. సరే అని కొమ్మ ఒకటి పాతాను. మధ్యాహ్నానికి ఆకులేసింది. నాలుగింటికి పువ్వులు. షాట్‌కి ముందు చూస్తే కాయలు. కొయ్యొద్దని అందరికీ చెప్పాల్సి వచ్చింది, ఒక షాట్‌కీ ఇంకో షాట్‌కీ పొంతన, అదే కంటిన్యుటీ, పోతుందని."

"ఓహో," అంది పెద్దావిడ. గ్లాసు మళ్ళీ తీసుకుంది.

"అంతా సిద్ధం," అన్నాడు తమ్ముడుగారు. "పోయినాయన వేషం వేసిన నటుడు మంచం మీద పడుకున్నాడు. ఆయన గురించి ఒక్క మాట చెప్పాలి. నేను చాలామందిని చూశాను, చచ్చిపోయే సీను అనేసరికి మెడ వాల్చేస్తారు, నోరు తెరుస్తారు, అతి చేస్తారు. ఈయన అలా కాదు. ఎంత సహజంగా చచ్చిపోయాడంటే, అక్క దగ్గరకెళ్ళి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. అంత గొప్ప నటుడు."

"ఎవరాయన?" అన్నాడు బాబాయ్.

"పేరు చెప్పకూడదని మాట తీసుకున్నాడు. పెద్దవాళ్ళంతే. సరే, అన్నయ్య కెమెరా వెనక, అక్క కుర్చీలో, మధ్యలో నేను. ఎండ వచ్చింది. పోయినాయన మొహం మీద పడింది. ఆహా అనుకున్నాం. సరిగ్గా అప్పుడు ఒక మబ్బు. ఊరంతటి మీదా ఖాళీగా ఉంది ఆకాశం, ఇది ఒక్కటే, తిన్నగా మా ఇంటి మీదకే వస్తోంది. అన్నయ్య నాతో అన్నాడు, 'నేను ముందే చెప్పాను కదా అని మీ అక్కకి చెప్పు.' అక్క నాతో అంది, 'ఆ మాట ఇంకొకసారి అంటే నేను షూటింగు ఆపేస్తానని మీ అన్నకి చెప్పు.' నేను ఇద్దరిలో ఎవరికీ చెప్పలేదు. మిద్దె ఎక్కాను. అన్నయ్య కెమెరా మీద కప్పే నల్లగుడ్డ తీసుకుని దాన్ని అదిలించాను, పెరట్లోకి దూడొస్తే అదిలిస్తాం చూడండి, అలా. పో, అటు పో అన్నాను. అది కాస్త మొరాయించింది. గుడ్డ కొసతో ఒక్కటి తగిలించాను. ఏడ్చుకుంటూ పోయింది. పక్క ఊళ్ళో ఆ రోజు కురిసిన వాన అదే. పంటలు బాగా పండాయట, తర్వాత వచ్చి నాకు దండం పెట్టి వెళ్ళారు."

"గుడ్డ తడిసిందా?" అన్నారు మాస్టారు.

"తడవకుండా ఉంటుందా మాస్టారూ. ఇప్పటికీ ఆరేసే ఉంది."

బాబాయ్ నవ్వు ఆపుకోలేక పొయ్యి వైపు తిరిగాడు. తమ్ముడుగారు అదేం పట్టించుకోలేదు. కోతల్లో పడ్డాక ఆయనకి చుట్టుపక్కల ఏదీ కనబడదు. చేతులు రెండూ గాల్లోకి లేచాయి.

"మబ్బుతో గొడవపడే లోపల ఎండ దిగిపోయింది. సూర్యుడు ఎదురింటి గోడ మీదకి వచ్చేశాడు, ఇంకో నిమిషం ఉంటే గోడవతల పడిపోతాడు. అన్నయ్య కెమెరాకి మూత పెట్టబోతున్నాడు. ఆ మూత పడిందా, ఇక కంపెనీ లేదు, అక్కా లేదు, అన్నా లేడు, నలుగురం నాలుగు దిక్కులు. అది నాకొక్కడికే తెలుసు. ఏం చెయ్యాలి? వెలుగు మళ్ళించడానికి మా దగ్గర పెద్ద తెల్ల అట్ట ఉంటుంది. దాన్ని పట్టుకుని గోడ దగ్గరకి పరిగెత్తాను. అల్మారా పలక జారిపోతుంటే కిందనుంచి చెయ్యి ఆనిస్తాం కదా, అలా ఆ అట్టని సూర్యుడి కింద ఆనించాను. ఆగాడు."

"ఎవరు?" అన్నాన్నేను.

"సూర్యుడయ్యా."

"సూర్యుడు ఎంత దూరంలో ఉన్నాడో తెలుసా నీకు?" అన్నారు మాస్టారు. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పిన మనిషి, ఇక ఓర్చుకోలేకపోయారు.

"దూరం కెమెరాకి మాస్టారూ, చేతికి కాదు. బరువు కూడా అనుకున్నంత లేదు. వేడే కాస్త. అరచెయ్యి చూడండి, ఇంకా ఎర్రగా ఉంటుంది." అరచెయ్యి చూపించాడు. టీ గ్లాసు పట్టుకున్న చెయ్యి, ఎర్రగానే ఉంది. "అలా పట్టుకునే ఉన్నాను. పిట్టలు గూళ్ళకి బయల్దేరి, ఇంకా టైం అవ్వలేదేమో అని మళ్ళీ వెనక్కి వెళ్ళాయి. ఆ ఊరి ఆఫీసుల్లో జనం సాయంత్రం అవుతుందేమోనని చూస్తూ ఇళ్ళకి వెళ్ళనేలేదు, ఎన్ని ఫైళ్ళు తేలిపోయాయో. అక్క 'స్టార్ట్' అంది. అన్నయ్య కెమెరా తిప్పాడు. అంతా అయిపోతోంది అనుకునేసరికి, అదిగో, కూత."

"ఏం కూత?" అన్నాడు బాబాయ్.

"రైలు. ఇంటి వెనకే పట్టాలు. చెల్లి నా వైపు చూసి చేతులు జోడించింది, ఈ చప్పుడు వస్తే షాట్ పోయినట్టే అని. ఒక చేతిలో సూర్యుడు. అయితే ఏం, రెండో చెయ్యి ఖాళీగానే ఉంది కదా. సూర్యుడు జారకుండా అలాగే నడుచుకుంటూ ఇంటి వెనక్కి వెళ్ళి, ఇంజను ముందు చెయ్యి పెట్టాను. ఆగింది. డ్రైవరు దిగాడు. ఏంటయ్యా ఇది, నాకు లేటవుతోంది అన్నాడు. పైకి చూడు, పొద్దు వాలలేదు, నీకేం లేటు అన్నాను. చూశాడు. నిజమే అనుకున్నాడు. సంగతి చెప్పాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆయన టోపీ తీసేసి ఏడ్చాడు. ఆయనకీ ఒక అక్క ఉందట. ప్రయాణికులంతా చెప్పులు చేత్తో పట్టుకుని, చప్పుడవకుండా దిగి వచ్చి షూటింగు చూశారు. అదంతా చూసి అక్కకి ఒక ఆలోచన వచ్చింది. ఆ తండ్రి పోయిన నిశ్శబ్దంలో దూరంగా ఒక రైలు పోతున్న చప్పుడు ఉంటే ఎంత బావుంటుంది తమ్ముడూ అంది. సరే అని అందర్నీ మళ్ళీ ఎక్కించి పోనిచ్చాం. కానీ కిటికీలోంచి ఒకావిడ కెమెరాకి చెయ్యి ఊపింది. కట్. రైలు వెనక్కి. మళ్ళీ తీశాం. ఈసారి డ్రైవరు కూత ఎక్కువ కూయించాడు, పేరొస్తుందని. కట్. మళ్ళీ వెనక్కి. ఆఖరికి కుదిరింది కానీ, అలా వెనక్కీ ముందుకీ పోయి ఆ రైలు చేరాల్సిన ఊరు చేరలేదు, బయల్దేరిన ఊరికే చేరింది. ఒక్కళ్ళు ఫిర్యాదు చేస్తే ఒట్టు."

మాస్టారు పేపరుతో మొహం కప్పుకున్నారు. పెద్దావిడ మాత్రం నవ్వట్లేదు. తల ఒక పక్కకి వాల్చి, ఆయన మొహాన్నే, ముఖ్యంగా పై పెదవి మీద, ఏదో వెతుక్కుంటున్నట్టు చూస్తోంది.

"ఇదంతా ఒక ఎత్తు," అన్నాడు తమ్ముడుగారు, గొంతు బరువెక్కించి. "ఒక చేత్తో సూర్యుడు, ఒక చేత్తో రైలు, మధ్యలో నేను నిలబడి, అక్క వైపు తిరిగాను, అన్నయ్య వైపు తిరిగాను. అప్పుడు మాట్లాడాను. ఇన్నాళ్ళూ మీ మాటలు మోశాను, ఈ రోజు నా మాట వినండి అన్నాను. అక్కా, నీ సినిమా కనబడాలంటే అన్నయ్య కళ్ళు కావాలి. అన్నయ్యా, నీ కళ్ళకి చూడ్డానికి ఏదైనా ఉండాలంటే అక్క కావాలి. మీరిద్దరూ విడిపోతే చెల్లి ఏ ముక్కని ఏ ముక్కకి అతికిస్తుంది అన్నాను. ఇంకా చాలా అన్నాను. అందరూ ఏడ్చారు. రైల్లో వాళ్ళు ఏడ్చారు. కుక్కలు ఏడ్చాయి. చెల్లి చెవులకి పెట్టుకున్నవాటిలో నీళ్ళు నిండాయి. అన్నయ్య కెమెరా వదిలేసి వెళ్ళి అక్క చేతులు పట్టుకున్నాడు. అప్పుడు నేను సూర్యుణ్ణి వదిలాను. ఎంతసేపని పట్టుకుంటాను, దబ్బున పడిపోయాడు. ఆ రోజు ఆ ఊళ్ళో సంజవేళే లేదు, ఎండ తర్వాత తిన్నగా చీకటి. ఇంత జరిగినా ఆ శవం వేసిన నటుడు మాత్రం కదల్లేదు. కన్నీళ్ళ వరద పోతుంటే కనురెప్ప కూడా ఆడించలేదు. అదీ నటనంటే."

చెప్పడం ఆపి, చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేసి గ్లాసు కింద పెట్టాడు. అన్నిటికంటే పెద్ద కోత అయ్యాక కాస్త ఊపిరి పీల్చుకోనివ్వడం మాకు అలవాటు.

పెద్దావిడ అడిగింది. "ఆ రోజు షూటింగులో ఏడ్చే వేషాలకి కొందరు బెంచీ మీద కూర్చున్నారు కదా నాయనా. వాళ్ళలో నన్ను చూశావా?"

తమ్ముడుగారు ఆవిడ వైపు చూశాడు. "మీరా అమ్మా?"

"మా అమ్మాయి ఇల్లు ఆ దానిమ్మ చెట్టింటి పక్కనే. అప్పుడు నేను అక్కడికి వెళ్ళి ఉన్నాను. ఏడ్చేవాళ్ళు తక్కువయ్యారు, వచ్చి కూర్చుంటారా అని మీ అక్క అడిగితే వెళ్ళాను. అయినా నువ్వు నన్ను చూసి ఉండవులే. నీ కళ్ళు మూసి ఉన్నాయి కదా."

బాబాయ్ చేతిలో గరిటె ఆగిపోయింది.

"కళ్ళు మూసి ఉండటమేంటండీ?" అన్నారు మాస్టారు, పేపరు దించి.

"శవం వేసింది ఈయనే కదండీ. రావాల్సిన నటుడు రాలేదు. వాళ్ళ అక్క చుట్టూ చూసి, తమ్ముడూ, నువ్వు పడుకో అంది. జుట్టుకి తెల్లరంగు పూసి మీసం అతికించారు. అందుకే ఇందాకట్నుంచి పోల్చుకోలేకపోయాను. గొంతు విని పోల్చుకుందామా అంటే, నీ గొంతు నేనెప్పుడూ వినలేదు నాయనా. గురక మాత్రం విన్నాను."

నేను నవ్వేశాను. తప్పని తెలిసినా ఆగలేదు.

పెద్దావిడ ఎగతాళిగా చెప్పట్లేదు. మాకు తెలియాలని, నెమ్మదిగా, జరిగింది జరిగినట్టు చెప్పింది. "ఎండ మొహం మీదకి వచ్చింది. అంతా గప్‌చిప్. మీ చెల్లెలు చెవులకి అవేవో పెట్టుకుని కూర్చున్నది, ఏదో మోటారు చప్పుడు వస్తోందని అటూ ఇటూ చూస్తోంది. ఎక్కడా మోటారు లేదు. చూస్తే మంచం మీద పోయినాయన. మొదట సన్నగా, తర్వాత కాస్త గట్టిగా. మేం ఏడ్చేవాళ్ళం, పళ్ళు బిగబట్టి కూర్చున్నాం. కెమెరా వెనక మీ అన్న భుజాలు కదలడం మొదలుపెట్టాయి. మీ అక్క చేతిలో కాగితాలు మొహానికి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఆ అమ్మాయి నిన్ను లేపబోతే మీ అక్క వద్దంది. వద్దు, పడుకోనీ, మా ఇద్దరి మధ్యా తిరిగి తిరిగి వాడికి కంటి మీద కునుకు లేదు అంది."

"మరి షాట్?" అన్నాడు బాబాయ్.

"అదే ఉంచుకున్నారట. మొహం వరకే మీ అన్న తీశాడు కనక ఊపిరి కనబడలేదు, గురక తీసేస్తామని ఆ అమ్మాయి చెప్పింది. ఇంతలో ఎండ పోయి చల్లగాలి మొదలైంది. వరండాలో వదిలేస్తే ఎలా అని మంచంతో సహా నిన్ను లోపలికి మోశారు."

"ఎవరు?" అన్నాడు తమ్ముడుగారు.

"వాళ్ళిద్దరే. మేం లేవబోతే మీ అక్క వద్దంది. తల వైపు ఆవిడ పట్టుకుంది, కాళ్ళ వైపు మీ అన్న. ఆవిడ వెనక్కి నడుస్తోంది, గడప కనబడదు కదా. అక్కా, నెమ్మది, గడప ఉంది అన్నాడు. అలా వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటే ఆ అమ్మాయి మొహం చూడాలి నువ్వు. వాళ్ళకి మాటల్లేవన్న సంగతి మాకు అప్పుడే తెలిసింది."

తమ్ముడుగారు ఖాళీ గ్లాసు తీసుకుని దాని అడుగుకేసి చూశాడు.

"నేను లేచేసరికి ఇద్దరూ కలిసి కెమెరా పెట్టెలు కారులోంచి దింపుతున్నారు," అన్నాడు. "ఏం జరిగిందని అడిగాను. నవ్వారు. చెల్లిని అడిగాను. అదీ నవ్వింది. ఎప్పుడడిగినా అంతే. మా వాళ్ళు నాకు ఇప్పటిదాకా చెప్పలేదు." గ్లాసు కింద పెట్టి, "అక్క బరువు మొయ్యకూడదు, నడుం నొప్పి ఉంది ఆవిడకి," అన్నాడు.

"ఆవిడ మొహంలో నొప్పేం కనబడలేదు నాయనా," అంది పెద్దావిడ.

బాబాయ్ అడక్కుండానే ఇంకో టీ పోసి ఆయన చేతిలో పెట్టాడు. తమ్ముడుగారు దాన్ని తాగకుండా పట్టుకుని కూర్చున్నాడు. ఆయన అంతసేపు నోరు మూసుకుని ఉండటం మా వీధిలో అదే మొదలు. నేనే చూడలేకపోయాను. ఏదో ఒకటి అని ఆయన్ని మళ్ళీ మాటల్లో పడెయ్యాలనిపించింది.

"పోన్లే తమ్ముడుగారూ," అన్నాను. "మిగతావి ఎలా ఉన్నా, ఆ రైలు ఆపడం మాత్రం నిజమే కదా?"

ఆయన తలెత్తాడు. కళ్ళలో కాస్త కళ వచ్చింది. అవునని తలూపబోయి, పెద్దావిడ అక్కడే ఉన్న సంగతి గుర్తొచ్చి ఆవిడ వైపు చూశాడు.

"ఆ ఊళ్ళో రైలు పట్టాలే లేవు నాయనా," అంది ఆవిడ, పాపం ఎంతో జాలిగా.

తమ్ముడుగారు టీ ఒక గుక్క తాగి, కాలు మీద కాలు వేసుకున్నాడు.

"అందుకే కదమ్మా," అన్నాడు, "ఆపడం అంత కష్టమైంది."